పాట సరే, మాటేదీ?

చిక్కడపల్లిలో ఉంటూ ఇంట్లో హోమ్ థియేటర్ ఎందుకని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టమే. నాలుగడుగులు వేస్తే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్. సంధ్య, సుదర్శన్, దేవి. ఇటు తిరిగితే త్యాగరాయ గానసభ. అయినా కొన్నాను. మోకాళ్ళ నొప్పులతో నాన్నగారు గానసభకు వెళ్ళడం మానుకున్నాక, పాటనూ నాటకాన్నీ ఇంటికే తెచ్చిపెడదామన్న ఆశతో కోఠీ గుజరాతీ గల్లీలో ఒక 5.1 రిసీవరు, దానికి తగిన స్పీకర్లు కొని ఆటోలో వేసుకొచ్చాను.

మొదటిరోజు ఒక కొత్త సినిమా పెట్టాను. అరగంట చూసి నాన్నగారు అన్నారు: "పాట బాగానే ఉందిరా, మాటేదీ?"

అంత డబ్బు పోసినవాడికి కోపం రాదూ? లోపం ఆయన చెవులదేనని తేల్చేశాను. పరీక్ష కూడా చేయించాను. వయసుకు తగ్గట్టే ఉంది, చింతించవలసిందేమీ లేదన్నారు డాక్టరు. ఆ తరువాత ఆయన ఫిర్యాదు చేయలేదు. సినిమా పెట్టగానే లేచి, పేపరు పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిపోయేవారు. ఆయన కోసం కొన్న వస్తువే ఆయనను ముందుగదిలోంచి వెళ్ళగొట్టిందని గ్రహించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

తప్పు ఎక్కడుందో చెబితే నవ్వుతారు. 5.1 ఏర్పాటులో సినిమా సంభాషణలు చాలామటుకు మధ్య స్పీకరు నుంచే వస్తాయి. నేను దాన్ని టీవీ బల్ల కింది అరలో, అద్దం తలుపు వెనక పెట్టాను. అది పాపం మా మోకాళ్ళతో మాట్లాడుతోంది! రిసీవరుతో పాటు వచ్చిన చిన్న మైకు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. కూర్చునే చోట, చెవి ఎత్తున దాన్ని ఉంచితే, ఏ స్పీకరు ఎంత దూరాన ఉందో, ఎంత గట్టిగా పలకాలో యంత్రమే కొలుచుకుంటుంది. స్పీకరును పైకి తెచ్చి, మైకును నాన్నగారి కుర్చీ దగ్గర పెట్టి కొలిపించి, మధ్య స్పీకరును మరో 3 డెసిబెళ్ళు పెంచాను. పైసా ఖర్చు లేదు.

ఈ సంగతి మిత్రులకు చెబితే వాళ్ళ కథలూ బయటపడ్డాయి. నారాయణగూడ మిత్రుడికి శబ్దం చాలలేదట. 80 వాట్ల రిసీవరును అమ్మేసి 110 వాట్లది కొన్నాడు. తేడా తెలియడం లేదని విచారం. తెలియదు మరి! ఆ రెంటి మధ్య ఉన్నది ఒకటిన్నర డెసిబెల్ కూడా కాదు. శబ్దం చెవికి రెట్టింపైనట్టు తోచాలంటే సుమారు పదింతల వాట్లు కావాలి. పైగా పెట్టె మీద అచ్చువేసే అంకె చాలాసార్లు ఒకటో రెండో చానళ్ళను మాత్రమే నడిపి కొలిచినది. ఐదూ ఒక్కసారి పలికితే అంత రాదు. అంకెను చూసి కొన్నాడు గానీ, పాత యంత్రంతోనే స్పీకర్లను కాస్త దగ్గరకు జరుపుకుంటే సరిపోయేది.

అశోక్‌నగర్ మిత్రుడిది వేరే బాధ. ఆయన పైఅంతస్తులో పోటీపరీక్షలకు చదివే కుర్రాళ్ళుంటారు. పగలు లైబ్రరీ, రాత్రి గది. ఒక రాత్రి వాళ్ళలో ఒకడు కిందికొచ్చి, "అంకుల్, మాకు మీ సినిమా మాటలు వినబడవు, దడదడ మాత్రమే వినబడుతుంది" అన్నాడట. 40 హెర్ట్జ్ శబ్దతరంగం పొడవు సుమారు 8.5 మీటర్లు. మామూలు గోడలూ శ్లాబులూ దాన్ని సులువుగా ఆపలేవు. సబ్‌వూఫరును మూలన పెడితే మరింత చెలరేగుతుంది. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెళ్ళ పరిమితి పెట్టాయి. కానీ ఆ కుర్రవాడు నియమాలు చెప్పలేదు, మర్నాడు పరీక్ష ఉందని చెప్పాడు. మిత్రుడు సబ్‌వూఫరును మూల నుంచి ఇవతలికి తెచ్చి, తగ్గించి, చాలా రిసీవర్లలో ఉండే రాత్రివేళ అమరికను వాడుతున్నాడు. అది పెద్ద శబ్దాలను అణచి, చిన్న శబ్దాలను పైకి తెస్తుంది. ఇప్పుడు మాటలు మునుపటికన్నా బాగా వినబడుతున్నాయట.

మా ముగ్గురి అనుభవంలో నాకు తోచినదొక్కటే. మనం హాలును ఇంటికి మోసుకురావాలని చూస్తున్నాం. హాలు వందలమంది కోసం కట్టినది. మన గది పన్నెండడుగులు, అందులో ఉండేది ముగ్గురు నలుగురు, గోడ అవతల మరొక సంసారం. ఇంటికి కావలసిన రిసీవరు గోడలదరగొట్టేది కాదు, తక్కువ శబ్దంలో మాట స్పష్టంగా వినిపించేది. దుకాణంలో మాత్రం మనకు వినిపించేది పేలుళ్ళూ హెలికాప్టర్లే. అమ్మేవాడు ఎన్ని వాట్లంటాడే గానీ, ఇంట్లో ఎవరు వింటారని అడగడు. మనమూ చెప్పం. కొనేముందు ఇంట్లో పెద్దవారిని వెంటబెట్టుకు వెళ్ళి, ఇద్దరు మెల్లగా మాట్లాడుకునే సన్నివేశం ఒకటి, తక్కువ శబ్దంలో పెట్టించి చూడండి. వారికి మాట అందితే కొనండి.

నాన్నగారు ఇప్పుడు సినిమా అయ్యేదాకా కూర్చుంటున్నారు. "హీరో మాటలు వినబడుతున్నాయిలే, వినదగ్గవి రాయించుకుంటే బాగుండేది" అన్నారు మొన్న. దానికి నా రిసీవరు ఏం చేయగలదు?