రాత్రివేళ ఆటోస్టాండు

మధ్యాహ్నము విశాఖపట్టణమున బయలుదేరిన వందే భారత్ రైలు సుమారు ఏడు వందల కిలోమీటర్ల దూరమును తొమ్మిది గంటలలో దాటి, రాత్రి పదకొండు గడచిన పిమ్మట సికింద్రాబాదు చేరును. అది మెట్రోలో చివరి రైళ్లు పోవు వేళ. సిటీ బస్సులును అప్పటికి పలుచబడియుండును. పెట్టెలతోను, నిద్రమత్తు వదలని పిల్లలతోను స్టేషను వెలుపలికి వచ్చిన ప్రయాణికులు, "అటువైపు రాను" అనువానిని విడిచి, "మీటరు మీద వంద" అనువానిని బతిమాలుచు, ఆరేడు కిలోమీటర్ల దూరముననున్న తమ యిల్లు చేరుటకు ఎంత కాలము, ఎంత ధనము, ఎంత ధైర్యము కావలెనో తెలియక వీధిలో నిలిచిపోవుదురు. అంతటి రైలును వేళ తప్పక నడపగలిగిన దేశము, అది దిగినవారిని వరుసగా నిలిపి బండి యెక్కించుటకు ఇద్దరు మనుష్యులను నియమింపలేకపోవుట నాకు మిక్కిలి విచారకరముగా తోచుచున్నది.

రాత్రి ప్రయాణమునందలి అపాయమంతయు బండి కదలిన తరువాతనే కలుగునని మనము తలంచుచున్నాము గాని, దాని బీజము తరచుగా బండి దొరకక నిలిచియున్న ఆ అరగంటలోనే పడుచున్నది. 2012 డిసెంబరు 16వ తేదీ రాత్రి ఢిల్లీలోని సాకేత్‌లో సినిమా చూచి ద్వారకకు పోవలసిన యువతియు, ఆమె మిత్రుడును, అంత దూరము వచ్చుటకు ఆటోవారు ఒప్పుకొనకపోగా, మునిర్కా వరకు మాత్రమే ఆటోలో వచ్చి, అక్కడ తమ్ము పిలిచిన ప్రైవేటు బస్సు నెక్కిరి. తరువాతి ఘోరము లోకవిదితము. 2013 అక్టోబరులో మన హైదరాబాదులోని మాదాపూరున ఇంటికి పోవుటకై బండి కొరకు వేచియున్న సాఫ్ట్‌వేరు ఉద్యోగిని యొకతె తానెక్కిన కారులోనే అపహరింపబడెను. ఈ పాపములకు బాధ్యులు వానిని చేసిన దుర్మార్గులే. అందు సందేహమునకు తావు లేదు. అయినను ఆ రెండు చోట్లను వెలుతురుగల స్టాండొకటి యుండి, వచ్చిన బండి యేదో, నడుపువాడెవడో చూచి వ్రాసికొను మనిషి యొకడు నిలిచియున్నచో, వారు అపరిచితుని వాహనమును నమ్మవలసిన యగత్యము కలిగియుండెడిది కాదని నా విశ్వాసము. ఢిల్లీ ఘోరము పిమ్మట కఠినమైన చట్టములు వచ్చినవి; 2014 అక్టోబరులో హైదరాబాదున షీ టీములను పోలీసు బృందములు వెలసి ఆకతాయిలకు జంకు పుట్టించినవి. ఇంత జరిగినను, స్టేషను ద్వారమునకును బండి మెట్టునకును నడుమనున్న పది గజముల నేల మాత్రము ఎవరికిని పట్టని చోటుగనే మిగిలిపోయినది.

చట్టమే చాలునందురా? 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 178వ సెక్షను ప్రకారము కిరాయి బండివాడు ప్రయాణికుని నిరాకరించుట నేరమే. కాని మూడు చక్రముల బండి విషయమున జరిమానా 50 రూపాయలకు మించరాదు. 2019లో చట్టమును సవరించినపుడు కార్ల జరిమానాను 500 చేసిరి గాని ఆటోల యాబదిని ముట్టుకొనలేదు. యాబది రూపాయల జరిమానా వేయించుటకై అర్ధరాత్రి పిల్లలను వెంటబెట్టుకొని పోలీసుస్టేషనుకు పోవువాడెవడు? అట్లని జరిమానాను పదింతలు చేసినచో న్యాయము జరుగునా యన్న, ఆటోవాని పక్షమును కూడ వినవలసియున్నది. 2014లో మొదటి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలని, ఆపై కిలోమీటరునకు 11 రూపాయలని నిర్ణయించిన హైదరాబాదు మీటరు ధరలు, ఇంధనము వెల యెంత పెరిగినను ఏండ్ల తరబడి కదలలేదు. రాత్రి దూరపు కాలనీకి పోయినవాడు ఖాళీబండితో మరలి రావలెను. 2023 డిసెంబరులో తెలంగాణమున స్త్రీలకు బస్సు ప్రయాణము ఉచితమైన నాటినుండి తమ సంపాదన తరిగినదని ఆటోడ్రైవర్లు మొరపెట్టుకొనుచునే యున్నారు. ఆ ప్రయాణసౌకర్యము మంచిదే. దానివలన నష్టపడినవాని మొరయు నిజమే. కాలమునకు తగిన ధర నిచ్చిన తరువాతనే మీటరు వేయుమని శాసించుటకు ప్రభుత్వమునకు నైతికమైన హక్కు కలుగును.

మనవారికి వరుసలో నిలుచు అలవాటు లేదనువారు తిరుమలకు పోయి చూడవలెను. అక్కడ గంటల కొలదిగా, ఒక్కొక్కప్పుడు పగలు రాత్రియనక, పసిపిల్లల నెత్తుకొని వేచియుండు జనమే ఇక్కడ ఆటోమీద పడి తోసుకొనుచున్నది. అక్కడ తన వంతు తప్పక వచ్చునను నమ్మకము కలదు; ఇక్కడ లేదు. ముంబయిలో చర్చిగేటు స్టేషను బయట షేరు టాక్సీల కొరకు ఉద్యోగులు ప్రతి ఉదయమును బారులు తీరి నిలుచుట కూడ ఆ నమ్మకము వలననే. వరుస లేనిచోట బలవంతుడును, గట్టిగా అరచువాడును, అడిగినంత యిచ్చుకొనగలవాడును ముందు పోవుదురు. ఒంటరి స్త్రీ, వృద్ధుడు, ఊరికి క్రొత్తవాడు చివరకు మిగులుదురు. కావున వరుసను కేవలము మర్యాదకు సంబంధించిన విషయముగా నేను భావింపను. అది దుర్బలుని హక్కు.

బ్రిటన్‌లో శుక్ర శనివారముల రాత్రులందు మద్యశాలలు మూయువేళ, పట్టణమధ్యమున నిలిచిపోవు గుంపులను ఇండ్లకు చేర్చుటకై పెక్కు పట్టణములవారు టాక్సీ మార్షల్ అను ఉద్యోగిని ఏర్పరచుకొన్నారు. మెరయు చొక్కా తొడిగిన ఆ మార్షల్ స్టాండు మొదట నిలిచి, ఎవరు ఎటు పోవలెనో అడిగి, ఒకే దారివారిని ఒకే బండిలో నెక్కించి, తగవులను మొదటనే అణచును. స్టాండులో నిలిచిన బండివాడు సరియైన కారణము లేక నిరాకరింపరాదను నియమము అక్కడ 1847 నాటి చట్టములోనే కలదు. ఆ నియమమునకు మార్షల్ ఒక కాపరి. అతడున్నచోటికి డ్రైవర్లును భయపడక వత్తురు. రాత్రి తాగినవారి దౌర్జన్యమునకు బండివాడు గురియగుట ఆ దేశమునకే పరిమితమైనది కాదు గదా.

ఫోనులో యాప్ ఉండగా ఈ స్టాండులెందుకని యువకు లడుగవచ్చును. యాప్ ప్రతివానికిని ఒక్కొక్క బండిని చూపినది గాని, అందరును కలిసి నిలుచు చోటును చెరిపివేసినది. ఫ్లైఓవరు క్రిందను, మూసిన దుకాణము ముందును, తరిగిపోవుచున్న ఛార్జింగుతోనున్న ఫోను చేతబట్టుకొని, చీకటిలో నంబరు ప్లేటులను వెదకుకొను ఆడపిల్లకు చుట్టుప్రక్కల తోడు లేదు. "ఎక్కడికి?" అని ఫోనులో అడిగి, వినగానే రద్దు చేయువాని నిరాకరణమునకు సాక్షి లేడు. యాప్ బండ్లును ఆ వెలుతురుగల స్టాండు వద్దకే రావలెనను కట్టుబాటు చేయవలెను.

స్టేషను ముంగిలి రైల్వేవారిది, రోడ్డు నగరపాలక సంస్థది, రాకపోకల అదుపు ట్రాఫిక్ పోలీసులది, ధర రవాణాశాఖది. నలుగురి నడుమ ప్రయాణికుడు ఎవరివాడును కాకపోయెను. వాహనములు నిలుచు స్థలములను నిర్ణయించు అధికారము మన మోటారు వాహనముల చట్టములోని 117వ సెక్షనులోనే యున్నది గనుక క్రొత్త శాసనము కొరకు ఆగనక్కరలేదు. రాత్రి పది మొదలు వేకువ ఐదు వరకు స్టాండునకు ఇద్దరు ఉద్యోగులు, అందొకరు స్త్రీ. ఒక ఇనుప కటకటాల వరుస, మంచి దీపములు, ధరల పట్టిక, బండి నంబరు వ్రాసి ప్రయాణికుని చేతికిచ్చు చీటి, డ్రైవర్లకు మంచినీరు, మరుగుదొడ్డి: ఇంతకు మించి కావలసినది లేదు. విజయవాడ పండిట్ నెహ్రూ బస్‌స్టేషనుకును, విశాఖ రైల్వే స్టేషనుకును ఈ యేర్పాటు అవసరమే. అయినను మొదట సికింద్రాబాదు స్టేషను ముందట దీనిని ప్రారంభించి, దాని బాధ్యతను పూర్తిగా ఒక్క నగరపాలక సంస్థకే అప్పగింపవలసినదిగా ప్రభుత్వమును కోరుచున్నాను.