చాట ముందటి స్త్రీ

కోరుట్లలోనో జగిత్యాలలోనో మధ్యాహ్నవేళ నడచిపోవువానికి, అరుగులపై చాట యొడి నిడుకొని, తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి చుట్టి, దారము కట్టి, కొస మడచుచున్న స్త్రీలు కనబడుదురు. కూలి వేయి బీడీలకింతయని లెక్క; కరగిపోయిన ప్రొద్దు ఏ లెక్కలోనికిని రాదు. సిరిసిల్లలో మరమగ్గముల హోరు చాటున కండెలు చుట్టు చేతులు కొన్ని, బీడీలు చుట్టు చేతులు మరికొన్ని. పురుషుడు మగ్గముకడనో గల్ఫుదేశముననో యుండగా, ఇంటి దినవెచ్చము నడపునవి తఱచుగా ఆ చేతులే.

ఇట్టి స్త్రీ మన కథలలో లేదనను. కాని నేను చదివినంతలో ఆమె దగ్గుగానో, కన్నీరుగానో, ఊరేగింపులో నెత్తిన పిడికిలిగానో వచ్చిపోవును. ఆమె వ్రేళ్ళ నేర్పు, ఆకు పెళుసై చిట్లిననాటి విసుగు, బాగులేవని ఏరి పారవేసిన బీడీల కొఱకు పడిన మనోవేదన కథకుని కంటి కానవు. జాలిపడుట సులభము, పనిని చూచుట కష్టము. 1966 నాటి బీడీ కార్మికుల చట్టము ఇంటికడ బీడీలు చుట్టు స్త్రీని సైతము కార్మికురాలని యొప్పుకొన్నది. మన కథ యింకను ఆమెను దుఃఖినిగానే యెఱుగును.

ఈ సందర్భమున స్వీడను రచయిత్రులు స్మరణకు వత్తురు. స్టాక్‌హోమ్ కార్యాలయములలో పనిచేయుచు ఒక్కచోట కాపురమున్న నలుగురు యువతులను ఎలిన్ వేగ్నర్ 1908లోనే నవల కెక్కించినది. అంతకన్న మనకు దగ్గరిది మోవా మార్టిన్‌సన్. ఆమె 1890లో జన్మించినది. ఆమె తల్లి, మన సిరిసిల్లవలె బట్టనేతకు పేరొందిన నొర్‌షెపింగ్ పట్టణపు మిల్లులలో పాటుపడినది. కూతురు తానును వంటయిండ్లలో పనిచేసి, 1933లో తొలి నవలను, 1936లో తల్లి పెండ్లినిగూర్చిన నవలను వెలువరించినది. ఆమె శ్రామికస్త్రీని కిటికీ వెలుపల నిలిచి చూడలేదు. కావుననే ఆ స్త్రీలకు అలసటతోపాటు హాస్యమును, కోపమును, గడుసుదనమును గలవు.

తల్లి చాటప్రక్కన కూర్చుండి పాఠములు వల్లించిన కూతుండ్రు నేడు మన బడులలో పంతులమ్మలై యున్నారు. కలము వారు పట్టవలెను. వేయి బీడీలకు ఎన్ని గంటలు పట్టునో యెఱుగనివాడు, ఆ స్త్రీనిగూర్చి కథ వ్రాయబూనుటకు ముందు ఒక్కదినము ఆ యరుగుపై కూర్చుండుట మేలు.