పోస్టరు అంటిస్తే ఆరోగ్యం వచ్చేస్తుందా?

మా ఆఫీసులో మొన్న 'ఆరోగ్య వారోత్సవం' చేశారు. అందరికీ బీపీ చూసి, "రోజూ ఏడు గంటలు నిద్రపోండి" అని పోస్టరు అంటించి వెళ్ళారు. ఆ రాత్రే పదకొండింటికి అమెరికా వాళ్ళతో కాల్! ఇంకెక్కడి నిద్రండీ బాబూ?

ఉపదేశాలొక్కటే చాలవు, మంచి అలవాటు తేలికయ్యేలా చుట్టూ పరిస్థితులు మార్చాలని 1986లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒట్టావా సదస్సు చెప్పింది. మన ఆఫీసుల్లో సిగరెట్ పొగకి అడ్డుకట్ట పడింది కూడా నీతిబోధలతో కాదు, 2008 అక్టోబరు 2న అమల్లోకొచ్చిన నిషేధంతో.

వాడేవాణ్ణి అడక్కుండా సాఫ్ట్‌వేర్ రాస్తే మనం తిట్లు తింటాం. మరి ఈ వారోత్సవానికి ప్లాన్ వేసినవాళ్ళు మమ్మల్ని ఒక్క మాటైనా అడిగారా? ఎంతమందికి బీపీ చూశారో లెక్క రాసుకున్నారు. ఎంతమందికి తగ్గిందో ఎవరిక్కావాలి? అడిగుంటే ఒక్కటే చెప్పేవాణ్ణి: పోస్టరు పీకేయండి, ఆ కాల్ ఎనిమిదింటికి పెట్టండి.