మాత్ర ఇచ్చారు సరే, మాట చెప్పరేం?

కిందటి వేసవిలో ఒక సాయంత్రం మా వీధి చివరి మామ్మగారు వచ్చి అరుగు మీద కూర్చుంది. కొంగుముడి విప్పి, కత్తెరతో సగానికి కోసిన మాత్రల షీటు ఒకటి నా చేతిలో పెట్టింది. నీలం రంగు మాత్రలు. రెండు ఖాళీ అయ్యాయి, మిగతావి అలాగే ఉన్నాయి.

“మనవరాలికి బళ్ళో ఇచ్చేరండీ, సెలవుల్లో వారానికోటి వేసుకోమని. వేసిన మర్నాడు పిల్లకి నల్లగా అయ్యింది. లోపల రగతం పోతందేమోనని హడిలిపోయేను. రెండో వారం కూడా అంతే. ఇంక మానిపించేసేను. కాలవ కట్టేసేరు గాబట్టి గానీ, నీళ్ళుంటే ఈపాటికి అందులో పారేద్దును పంతులుగారూ.”

అవి ఐరన్ మాత్రలు. ఐరన్ వేసుకుంటే విరేచనం నల్లగా అవుతుంది. అది రక్తం కాదు, ఒంటికి పట్టగా మిగిలిన ఇనుము. అన్నం తిన్నాక వేసుకోవాలి, వెంటనే టీ తాగకూడదు, నిమ్మకాయ నీళ్ళు తాగితే ఇంకా మంచిది. ఇదంతా చెప్పడానికి నాకు పట్టింది ఒక్క నిమిషం. ఆవిడ నా మొహంలోకి చూసి, “ఓస్, ఇంతేనా! మరా ముక్క బళ్ళో వాళ్ళు ముందే చెప్పొచ్చు కదండీ?” అంది.

ఆవిడ అడిగింది అడిగినట్టు ఇక్కడ రాస్తున్నాను. జవాబు చెప్పవలసింది నేను కాదు.

ఆ నీలం మాత్ర వెనక ఎంత తతంగం ఉందో చూడండి. 2013 నుంచి దేశమంతటా నడుస్తున్న పథకం. పది నుంచి పంతొమ్మిదేళ్ళ పిల్లలకు వారానికోసారి, మాత్రలో 100 మిల్లీగ్రాముల ఇనుము, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్. లెక్కలు కట్టారు, కొన్నారు, జిల్లాలకు పంపారు, ఆసుపత్రి నుంచి బడికి చేర్చారు, టీచరు చేత పంచించారు, రిజిస్టరులో టిక్కు పెట్టించారు. ఇంటి గుమ్మం ఇంకో పది అడుగులుందనగా అందరూ కలిసి నోరు మూసుకున్నారు. మాత్ర పిల్ల బ్యాగులో ఉంది, భయం అమ్మమ్మ గుండెలో ఉంది. ఏది గెలుస్తుందో చెప్పడానికి డాక్టరు కావాలా? మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. ఎందుకు తగ్గడం లేదో అని ఏసీ గదుల్లో సమీక్షలు చేస్తారు. ఒక్క సమీక్ష మా అరుగు మీద పెట్టండి, మామ్మగారు చెబుతుంది.

ఆ పిల్ల తల్లి కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి మూడేళ్ళయింది. గోదావరి జిల్లాల్లో ఈ మాట విని ఎవరూ ఉలిక్కిపడరు. బడి రికార్డులో ఉన్న ఫోన్ నంబరు తల్లిది, ఆ సిమ్ము తల్లితోపాటే విమానమెక్కింది. పిల్లని పెంచేది అమ్మమ్మ. ఆవిడ దగ్గరున్నది బొత్తాల ఫోను. మోగితే ఎత్తుతుంది, మాట్లాడితే వింటుంది, అంతకంటే ఏం కావాలి? కానీ ‘పిల్ల ఎవరి దగ్గర ఉంటోంది, ఒంట్లో బాగోకపోతే ఎవరికి ఫోన్ చేయాలి’ అన్న గడి ఆ పిల్ల కాగితాల్లో ఎంత వెతికినా నాకు కనిపించలేదు. తల్లి ఆధార్, తల్లి బ్యాంకు ఖాతా, ఈ గడులు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి.

మాది జంక్షను ఊరు. కాకినాడ లైను ఇక్కడే చీలుతుంది. సామర్లకోట స్టేషన్లో బండి పది నిమిషాలు ఆలస్యమైతే ‘దయచేసి వినండి’ అంటూ తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో చెబుతారు. ఎక్కేవాడికీ, దిగేవాడికీ, పల్లీలు అమ్మేవాడికీ, ఊరికే బెంచీ మీద కునుకు తీసేవాడికీ చెబుతారు. అదే ఊళ్ళో, పిల్లకి జ్వరమొచ్చి మూడో పీరియడు నుంచీ బల్ల మీద తల వాల్చి పడుకుంటే ఇంటికి తెలిసేది సాయంత్రం, ఆ పిల్ల కాళ్ళీడ్చుకుంటూ వచ్చాక.

చట్టం లేదా అంటే బ్రహ్మాండంగా ఉంది. 2009 విద్యాహక్కు చట్టం, 24వ సెక్షన్. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరపాలి, పిల్ల హాజరు, నేర్చుకునే శక్తి, చదువులో ప్రగతి, ఇంకా పిల్లకి సంబంధించిన ఇతర విషయాలూ తెలియజేయాలి అని టీచరు విధుల్లోనే రాశారు. 21వ సెక్షన్ చూడండి: సర్కారు బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు ఉండాలి. ఈ చుట్టుపక్కల ఒక కమిటీలో ఉన్న తల్లిని “మీటింగులో ఏం మాట్లాడతారమ్మా?” అని అడిగాను. “సంతకం పెట్టమంటారండీ, పెడతాను” అంది. దేని మీదో ఆవిడకి తెలీదు.

అబ్బే, తల్లిదండ్రులతో మెగా మీటింగులు పెడుతున్నాం కదా అంటారు సర్కారు వాళ్ళు. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా ఒకే రోజు పెట్టారు, మళ్ళీ 2025 జులై 10న పెట్టారు. కాదనను. ఎన్నడూ బడి గడప తొక్కని తండ్రులు ఆ రోజు వెళ్ళి కుర్చీల్లో కూర్చోవడం నేనూ చూశాను, సంతోషించాను. రెండోసారికి రెండు కోట్ల మందికి పైగా వచ్చారని, గిన్నిస్ రికార్డని హోరెత్తించారు. మా మామ్మగారు ఆ రెండు కోట్లలో ఒకర్తె. వెళ్ళింది, ఉపన్యాసం వింది, ఫొటోలో నిలబడింది, వచ్చింది. మనవరాలి బరువెంతో, చూపు ఎలా ఉందో, ఆ నీలం మాత్రలు ఏమయ్యాయో ఆవిడతో విడిగా కూర్చుని ఐదు నిమిషాలు మాట్లాడిన మనిషి లేడు. తిరనాళ్ళలో జీళ్ళు కొనుక్కోవచ్చు, రంగులరాట్నం ఎక్కొచ్చు. పిల్ల ఒంటి సంగతి అక్కడ ఎవరితో మాట్లాడతాం?

ఆరు, ఏడు, ఎనిమిది తరగతులంటే ఆడపిల్లలు ఈడేరే వయసు. బళ్ళో మరుగుదొడ్డి బాగోలేదని పొద్దుటి నుంచీ మంచినీళ్ళు ముట్టని పిల్లలు ఎందరో వాళ్ళ తల్లుల్ని అడగండి. సాయంత్రం ఇంటికొచ్చి పొత్తికడుపు పట్టుకుని మెలికలు తిరిగితే అప్పుడు తెలుస్తుంది తల్లికి. 2025 జూన్‌లో తల్లికి వందనం పథకం డబ్బు పడింది. పిల్లకి 15,000 అన్నారు, అందులో 2,000 బడి నిర్వహణకీ మరుగుదొడ్లకీ అని పట్టుకున్నారు, 13,000 ఖాతాలో వేశారు. పట్టుకోండి, మంచి పనికే కదా. మరి తన పిల్ల పేరు మీద రెండు వేలు వదులుకున్న తల్లికి ఆ మరుగుదొడ్డి తలుపుకి గొళ్ళెం ఉందో లేదో ఎవరు చెబుతారు? డబ్బు పడిందన్న మెసేజీ క్షణాల్లో వస్తుంది. కుళాయిలో నీళ్ళు రావడం లేదన్న మెసేజీ ఏ బ్యాంకు పంపుతుంది?

ఇక డాక్టర్ల బృందాలు. ఉమ్మడి రాష్ట్రంలో 2010లో జవహర్ బాల ఆరోగ్య రక్ష వచ్చింది. 2013లో కేంద్రం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పెట్టింది. 2019లో కంటి వెలుగు బడి పిల్లలతోనే మొదలైంది. పేర్లు మారాయి, అట్టల మీద బొమ్మలు మారాయి. ఇంటికొచ్చే చీటీ బతుకు మాత్రం మారలేదు. నేను చూసిన చీటీ ఒకటి అరచేతిలో సగం ఉంది. దాని మీద ఇంగ్లీషు పొడి అక్షరాల్లో హెచ్‌బీ, ఒక అంకె, పక్కన ‘రిఫర్డ్’ అని కోడిగీత. ఎక్కడికి వెళ్ళాలి, ఏ రోజు వెళ్ళాలి, వెళ్ళకపోతే ఏమవుతుంది, ఒక్క తెలుగు ముక్క లేదు. ఆ చీటీ అందుకున్న తండ్రి లారీ డ్రైవరు. అదేదో రశీదు అనుకుని జేబులో పెట్టుకు తిరిగాడు. నాలుగో రోజున చొక్కాతోపాటు చీటీ కూడా ఉతుక్కుపోయింది.

కళ్ళద్దాలదీ అదే వరస. ఇచ్చిన అద్దాలు ఆడపిల్ల ట్రంకు పెట్టె అడుగున దాచేస్తుంది, రేపు పెళ్ళికి అడ్డొస్తాయని ఇంట్లో అన్నారు గనక. పిల్ల మొద్దు కాదమ్మా, బోర్డు మీద అక్షరం కనపడక వెనకబడిందని ఆ ఇంటికి వెళ్ళి చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోలేదు. వార్డు సచివాలయంలో ఏఎన్ఎం ఉంది, పేటలో ఆశా కార్యకర్త ఉంది. ఎవరికి సుగరో, ఎవరు నెల తప్పారో వాళ్ళకి కంఠతా వచ్చు. బడికీ సచివాలయానికీ మధ్య మహా అయితే రెండు వీధులు. ఆ రెండు వీధులూ ఒక కాగితం నడవలేకపోతోంది.

ప్రైవేటు బడుల వాళ్ళు నవ్వుకోనక్కర్లేదు. ఫీజు గడువు ఐదో తారీఖైతే మూడున ఒకటి, నాలుగున ఒకటి, ఆరున జరిమానాతో ఇంకొకటి మెసేజీలు కొడతారు. అదే క్లాసులో నలుగురికి గవదబిళ్ళలొస్తే నోరు మెదపరు, పేరు పోతుందని. నా స్నేహితుడి కొడుక్కి గవదలొచ్చాక తెలిసింది, పక్క బెంచీ పిల్లాడు వారం నుంచీ అదే జబ్బుతో మంచం మీదున్నాడని. ఎవరు చెప్పారు? ఆటో అతను. మా ఊళ్ళో పిల్లల ఆరోగ్యశాఖ ప్రస్తుతం ఆటోవాళ్ళు నడుపుతున్నారు.

చెప్పమన్నాం కదా అని ఇంకో రకం తయారవుతుంది. నూరు మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో ఫలానా పిల్ల తలలో పేలున్నాయి, ఫలానా పిల్ల ప్రేయర్లో కళ్ళు తిరిగి పడిపోయింది అని పేరుతో సహా పెట్టేస్తారు. దీన్ని దండోరా అంటారు. అంటుకునే జబ్బయితే పేరు లేకుండా అందరికీ చెప్పండి. పిల్ల సొంత సంగతైతే ఆ ఇంటికి మాత్రం చెప్పండి. దీనికి కొత్త యాప్ ఏమీ అక్కర్లేదు.

హాస్టళ్ళ సంగతీ చూడండి. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం గిరిజన బాలికల గురుకులంలో కామెర్లు ప్రబలాయి. వంద మందికి పైగా పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. ఇద్దరు ఆడపిల్లలు చనిపోయారు. ఆ తర్వాత మంత్రులు వెళ్ళారు, విచారణలన్నారు, నీళ్ళు పరీక్షించారు. నేను అడిగేది అంతకుముందు సంగతి. ఒక పిల్లకి కళ్ళు పచ్చబడిన రోజునే మిగతా పిల్లల ఇళ్ళన్నిటికీ కబురు వెళ్ళాలన్న నియమం ఏ హాస్టలు గోడ మీదైనా రాసి ఉందా? కొండ మీద తండ్రికి ఫోన్ సిగ్నలు లేకపోతే ఎవరు వెళ్ళి చెప్పాలో రాసి ఉందా?

టీచర్లని తిడుతున్నానని అనుకోకండి. నేనూ ముప్పై ఏళ్ళు సుద్దముక్క పట్టినవాడినే. జనాభా లెక్కలకీ, విపత్తులకీ, ఎన్నికలకీ తప్ప చదువు కాని పనులకు టీచరుని వాడకూడదని అదే విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ చెబుతోంది. ఆ టీచరు చేత మరుగుదొడ్డి ఫొటో తీయించి యాప్‌లో ఎక్కించిన ఘనత మనది. కోడిగుడ్లు లెక్కపెట్టి, హాజరు ఎక్కించి, ఫొటో ఎక్కించి, సర్వర్ పని చేయక మళ్ళీ ఎక్కించి, ఇక తల్లితో మాట్లాడే ఓపిక ఎక్కడ మిగులుతుంది? పైనున్నవాళ్ళకి సమాచారం క్షణక్షణం కావాలి. కిందనున్న తల్లికి మాత్రం ఏ ఆర్నెల్లకో ఏడాదికో ఓసారి, అదీ షామియానా కింద.

జపాన్‌లో బడిలో ఆరోగ్య పరీక్ష జరిగితే 21 రోజుల్లోగా ఫలితం పిల్లకీ తల్లిదండ్రులకీ తెలియజేయాలని నిబంధన ఉంది. వాళ్ళు డబ్బున్న దేశం, మనకెక్కడ కుదురుతుందని దీర్ఘాలు తీయకండి. 21 రోజులకి ఖర్చేముంది? ఒక కాగితం, నాలుగు తెలుగు వాక్యాలు, కింద ఒక ఫోన్ నంబరు. పంచాయతీల వాళ్ళకి పాఠాలు చెప్పే విస్తరణ శిక్షణ కేంద్రం మా సామర్లకోటలోనే ఉంది. సర్పంచులకి శిక్షణ ఇవ్వగా లేనిది, బడి కమిటీ తల్లులకి ఒక్క పూట ఇవ్వలేరా? ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో, ఏం అడగొచ్చో ఆ పూటలో చెబితే చాలు.

ఇది చదువుతున్న అమ్మలూ, నాన్నలూ, అమ్మమ్మలూ, ఈ సోమవారం బడికి వెళ్ళండి. మీ పిల్ల హెల్త్ కార్డు చూపించమనండి, అందులో ఏం రాశారో తెలుగులో చెప్పమనండి. పిల్ల ఎవరి దగ్గర ఉంటే వాళ్ళ నంబరు మీ ఎదురుగానే రిజిస్టరులో రాయించండి. తర్వాత రమ్మంటే ఎప్పుడో తేదీ వేయించుకోండి. మా మామ్మగారు బొత్తాల ఫోను చేత పట్టుకుని సోమవారం తొమ్మిదింటికి బయల్దేరుతోంది. నేను తోడు వెళ్తున్నాను.