వేసవి మేష్టరు చూడని కొరియా

కొరియాలో ఏదో ఒక నగరంలో వేసవి గడిపి వచ్చిన ఇంగ్లీషు మేష్టరు రాసుకునే యాత్రారచన ఈ ఇరవై ముప్పై ఏళ్ళలో ఒక ప్రత్యేక శాఖగానే తయారైంది. అందులో వస్తువు దాదాపు మారదు. జూన్ చివర ‘జాంగ్మా’ వానలు మొదలవుతాయి. ఇరుకు గదిలో గోడల నిండా చెమ్మ. వానలు వెలిశాక చెట్ల నిండా కీచురాళ్ళ రొద. మంచుముక్కలు వేసిన చల్లని సేమ్యా పులుసు, పూసాన్ సముద్రపుటొడ్డున గొడుగుల వరసలు, నిమిషం తప్పకుండా వచ్చే భూగర్భ రైలు. నడుం వంచి నమస్కరించే పిల్లలు. చివర, విమానమెక్కేముందు కాస్త కన్నీరు.

ఈ రచనల్లో ‘నేను అక్కడ నివసించాను, పనిచేశాను’ అనే మాట తప్పకుండా ఉంటుంది. నివసించడం గురించి నూరు పేజీలు ఉంటాయి. పనిచేయడం గురించి పది ఉండవు. ఆ పని ఎవరి కోసం, ఎవరి డబ్బుతో, ఎవరి స్థానంలో జరుగుతున్నదో ఒక్క పేజీ కూడా ఉండదు. నా ఆక్షేపణ అదీ. కొరియా పాటల మీదా నాటకాల మీదా మోజుతో మన విద్యార్థులు ఇప్పుడు ఆ దేశాన్ని గురించి దొరికిందల్లా చదువుతున్నారు గనుక, ఈ ఆక్షేపణ తెలుగులో చేయడం అనవసరం కాదనుకుంటాను.

యాత్రాచరిత్రకు మనకొక కొలబద్ద లేకపోలేదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వచ్చాడు. అది 1838లో అచ్చయింది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. కుంపిణీ కాలపు ఉద్యోగి. ఆయన్ని అభ్యుదయవాది అని ఎవరూ అనరు. అయినా ఏ ఊళ్ళో ఏ సరుకు దొరుకుతుంది, దారి ఎలా ఉంది, జనం ఏం చేసుకుని బతుకుతున్నారు అనేది రాయకుండా ముందుకు కదలడు. రెండు వందల ఏళ్ళ నాటి దుబాసీకి ఉన్న ఆ పట్టింపు, పట్టా పుచ్చుకుని విమానంలో దిగిన ఈనాటి మేష్టరుకు ఎందుకు లేకపోయింది?

ఆయన ఆ దేశంలోకి వెళ్ళిన తలుపు ఎలాంటిదో చూస్తే కొంత తెలుస్తుంది. ఇంగ్లీషు నేర్పే విదేశీయుడికి కొరియా ఇచ్చే వీసా పేరు ఇ-2. దానికి అర్హులు ఏడు దేశాల పౌరులు: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లండు, ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణాఫ్రికా. వీళ్ళను ‘వొనొమిన్’ అంటారు, అంటే ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్ళని. హాగ్వన్‌లో, అంటే డబ్బు పుచ్చుకుని నడిపే ప్రైవేటు పాఠాల బడిలో, చేరడానికి వాళ్ళకు ఏ విషయంలోనైనా డిగ్రీ ఉంటే చాలు. భూగర్భ శాస్త్రం చదివినా ఫరవాలేదు. కొరియా భాష ఒక్క ముక్క రానక్కర్లేదు. రాకపోవడమే మంచిదనుకునే యజమానులూ ఉన్నారు. పిల్లలు చచ్చినట్టు ఇంగ్లీషులోనే మాట్లాడతారు కదా!

మరి భారతీయుడి మాట? 2010లో అమల్లోకి వచ్చిన భారత–కొరియా ఆర్థిక ఒప్పందం మనకు ఒక చిన్న కిటికీ తెరిచింది. బోధనార్హత పత్రం ఉన్న భారతీయులు బడుల్లో సహాయక ఉపాధ్యాయులుగా ఇంగ్లీషు చెప్పవచ్చునని. అంటే ఉస్మానియాలోనో ఆంధ్రాలోనో ఇంగ్లీషు ఎం.ఏ. చేసి, పదేళ్ళు పాఠం చెప్పినవాడు అర్హత రుజువు చేసుకోవాలి. సరైన పాస్‌పోర్టు చేతిలో పెట్టుకుని పుట్టినవాడు పుట్టుకే రుజువుగా చూపవచ్చు. ఇది భాషకు పెట్టిన పరీక్ష కాదు. కులానికి పెట్టిన పరీక్ష లాంటిది. ఆ సంగతి మనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇప్పుడు రెండో తలుపు దగ్గరికి రండి. 2004 ఆగస్టు నుంచి కొరియా ‘ఉద్యోగ అనుమతి విధానం’ అనే పద్ధతిలో విదేశీ కార్మికులను తెచ్చుకుంటోంది. నేపాల్, వియత్నాం, కంబోడియా, బంగ్లాదేశ్, శ్రీలంక, ఫిలిప్పీన్స్ మొదలైన పదిహేను పైచిలుకు దేశాల నుంచి వచ్చి చిన్న ఫ్యాక్టరీల్లో, పొలాల్లో, చేపల పడవల్లో పనిచేసే ఈ మనుషులు విమానమెక్కకముందే ఒక పరీక్ష నెగ్గాలి. అది కొరియా భాషలో పరీక్ష.

ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. పెదవి విప్పి పాఠం చెప్పవలసిన మేష్టరుకు ఆ దేశపు భాష అక్కర్లేదు. నోరు మూసుకుని ఇనప రేకులు కోయవలసిన కూలీకి ఆ భాషలో పరీక్ష! యజమాని ఆజ్ఞ కూలీకి అర్థం కావాలి. మేష్టరు చెప్పేది మాత్రం పిల్లలే అర్థం చేసుకోవాలి. భాష ఎవరి బాధ్యత అనే ప్రశ్నకు పెట్టుబడి ఇచ్చే జవాబు ఎప్పుడూ ఇదే. ఫిలిప్పీన్స్ నుంచి వచ్చిన మనిషి చిన్నతనం నుంచి ఇంగ్లీషులో చదువుకుని ఉండవచ్చు. అతను ఇ-2 మీద ఇంగ్లీషు నేర్పడానికి పనికిరాడు. కొరియా భాషలో పరీక్ష నెగ్గితే ఫ్యాక్టరీకి పనికొస్తాడు.

అయితే ఈ ఇద్దరినీ కట్టిన తాడు ఒకటే. ఫ్యాక్టరీ కూలీ తొలి మూడేళ్ళలో మూడుసార్లకు మించి పనిచోటు మారకూడదు, ఆ మారడానికి కూడా యజమాని ఒప్పుకోవాలి, లేదా చట్టం ఒప్పుకునే కారణం చూపాలి. ఈ కట్టుబాటును 2021లో అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కూడా సమర్థించింది. మేష్టరు వీసా కూడా యజమాని పేరుకే ముడిపడి ఉంటుంది. గడువు మధ్యలో మరోచోట చేరాలంటే పాత యజమాని విడుదల పత్రం రాసివ్వాలి. ఏడాది పూర్తయితే నెల జీతమంత సొమ్ము చట్టప్రకారం ఇవ్వాలి గనుక పదకొండో నెలలోనే సాగనంపే హాగ్వన్లను గురించి మేష్టర్లు మొత్తుకుంటూనే ఉంటారు. అంతకన్నా అవమానకరమైనది మరొకటి జరిగింది. 2007 నుంచి ఇ-2 మేష్టర్లకు హెచ్.ఐ.వి. పరీక్ష తప్పనిసరి చేశారు. అదే బడిలో అదే పాఠం చెప్పే కొరియా జాతీయులకు ఆ పరీక్ష లేదు. న్యూజీలాండుకు చెందిన ఒక ఉపాధ్యాయురాలు పరీక్ష మళ్ళీ చేయించుకోనని నిరాకరించి, ఉద్యోగం పోగొట్టుకుని, ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన సంఘం దాకా వెళ్ళింది. 2015లో ఆ సంఘం ఆమె పక్షాన తేల్చింది. 2017లో ఆ నిబంధన తీసేశారు.

తెల్లతోలు తనను మనిషిగా కాపాడుతుందనుకున్న మేష్టరుకు, తాను కూడా దిగుమతి సరుకేనని తెలిసిన ఘట్టం అది. ఆ తెలివిడి నుంచి ఎంత సాహిత్యం పుట్టాలి! నేను చదివిన వేసవి రచనల్లో అది వైద్య పరీక్షల చిరాకుగా రెండు వాక్యాల్లో తేలిపోతుంది. మేష్టరు తనను కార్మికుడిగా గుర్తించుకోడు. ‘సొన్‌సెంగ్‌నిమ్’ అన్న పిలుపు తియ్యగా ఉంటుంది. ఆ తీపిలో తాడు కనిపించదు. ఫ్యాక్టరీ కూలీలు మాత్రం 2005లో వలస కార్మికుల యూనియను పెట్టుకుని, పదేళ్ళు కోర్టుల్లో పోరాడి, 2015లో సుప్రీంకోర్టు చేత దానికి గుర్తింపు సాధించుకున్నారు. 2024 జూన్ 24న, అదే వేసవిలో, సియోల్ పక్కనున్న హ్వాసాంగ్ నగరంలో బ్యాటరీల ఫ్యాక్టరీ అంటుకుని 23 మంది కాలిపోయారు. వాళ్ళలో 18 మంది విదేశీయులు, ఎక్కువమంది చైనా నుంచి వచ్చినవాళ్ళు. కొరియాలో ‘విదేశీయుడి వేసవి’ అంటే అది కూడా.

ఇక బడి సంగతి. జూలై చివర బడులు మూస్తారు. పిల్లలకు సెలవులని మేష్టరు రాస్తాడు. సెలవులు ఎక్కడివి? హాగ్వన్లకు అదే కోతల కాలం. సెలవుల ప్రత్యేక పాఠాలు మొదలవుతాయి. ప్రభుత్వ బడిలో ఉన్న విదేశీ మేష్టరు చేత ఇంగ్లీషు శిబిరం పెట్టిస్తారు. సియోల్‌లో రాత్రి పది దాటాక హాగ్వన్ నడపకూడదని ఆంక్ష పెట్టవలసి వచ్చిందంటే, పిల్లలు ఎంతవరకు కూర్చుంటున్నారో ఊహించండి. 2024లో కొరియా తల్లిదండ్రులు ప్రైవేటు పాఠాలకు పోసిన సొమ్ము 29 లక్షల కోట్ల వన్‌లకు పైగా ఉందని ప్రభుత్వ లెక్కే చెబుతోంది. ఆ ఏడు నూటికి 80 మంది బడిపిల్లలు ఈ పాఠాలకు వెళ్ళారు. ఆ దేశంలో బడిపిల్లలు తగ్గిపోతున్నా ఆ ఏడు ఈ ఖర్చు పెరిగింది. విషయాలవారీగా చూస్తే అన్నిటికన్నా ఎక్కువ ఖర్చు ఇంగ్లీషుకే. పేరున్న ఇంగ్లీషు హాగ్వన్లలో సీటుకోసం చిన్న పిల్లలు రాసే పరీక్షను ‘ఏడేళ్ళవాళ్ళ గోషీ’ అంటున్నారు. గోషీ అంటే పెద్ద ఉద్యోగాలకు పెట్టే పోటీ పరీక్ష. కొరియా లెక్కలో ఏడేళ్ళంటే మన లెక్కలో అయిదో ఆరో. వెక్కిరింతగా పెట్టిన పేరే అయినా, నవ్వు రాదు.

దీన్ని ఆపాలని ఎవరూ అనుకోలేదా? అనుకున్నాడు ఒక నియంత. 1980 మేలో క్వాంగ్జూ నగరంలో విద్యార్థులనూ పౌరులనూ కాల్చి చంపించిన చున్ దూ-హ్వాన్, మూడు నెలలు తిరక్కుండా జూలై 30న ప్రైవేటు పాఠాలను నిషేధించాడు. నెత్తుటి చేతులు కడుక్కోవడానికి మధ్యతరగతికి ఇచ్చిన లంచం అది. 2000 ఏప్రిల్‌లో రాజ్యాంగ న్యాయస్థానం ఆ నిషేధాన్ని కొట్టేసింది. మనలో కొందరు మిత్రులు ఈ చరిత్ర చదివి, నియంతైనా ఒక్క మంచి పని చేశాడని నిట్టూరుస్తారు. పాఠం కొనుక్కోవలసిన అవసరాన్ని కదపకుండా పాఠం అమ్మకాన్ని నిషేధిస్తే, అది చాటుగా, మరింత ఖరీదుగా అమ్ముడుపోతుంది. కొరియాలో సరిగ్గా అదే జరిగింది.

క్వాంగ్జూ పేరు వచ్చింది కనుక మరో సంగతి చెప్పాలి. 1966 నుంచి 1981 దాకా అమెరికా శాంతిదళం కొరియాలో ఇంగ్లీషు మేష్టర్లనూ ఆరోగ్య కార్యకర్తలనూ ఉంచింది. అమెరికా పలుకుబడిని ఊళ్ళలోకి చేర్చే సాధనమది, సందేహం లేదు. కానీ 1980 మేలో ఆ దళంలోని కొందరు యువకులు నగరం విడిచి రమ్మన్నా రాలేదు. గాయపడినవాళ్ళను మోశారు. విదేశీ విలేకరులకు దుబాసీలుగా నిలబడ్డారు. వాళ్ళ ప్రభుత్వం సైనిక ముఠా పక్కన ఉంటే వాళ్ళు జనం పక్కన ఉన్నారు. అది ఎలా సాధ్యమైంది? మంచితనం ఒక్కటే చాలదు. వాళ్ళకు కొరియా భాష వచ్చు. వీధిలో జనం ఏమంటున్నారో వాళ్ళకు అర్థమైంది.

ఆ భాషకున్న చరిత్ర తెలియకుండా అక్కడ ఇంగ్లీషు పాఠం చెప్పడం, శ్మశానం మీద ఇల్లు కట్టుకుని అది ఖాళీ స్థలమనుకోవడం లాంటిది. జపాను పాలనలో 1938లో బడుల్లో కొరియా భాషను ఐచ్ఛికం చేసి, కొద్దికాలంలోనే లేకుండా చేశారు. 1929లో మొదలైన నిఘంటువు పనిలో ఉన్న పండితులను 1942 అక్టోబరు నుంచి అరెస్టు చేశారు. ఇద్దరు జైల్లోనే చనిపోయారు. సాక్ష్యం కింద పట్టుకుపోయిన రాతప్రతి 1945 సెప్టెంబరు 8న సియోల్ రైల్వేస్టేషను గిడ్డంగిలో దొరికింది. దానికి ఒక్కరోజు ముందు తేదీతో జనరల్ మెకార్థర్ ప్రకటన వెలువడింది. సైనిక పాలన సాగినంతకాలం దక్షిణ కొరియాలో ఇంగ్లీషే అధికార భాష అని అందులో ఉంది. అమెరికా సైన్యం ఇన్‌చాన్ రేవులో దిగింది కూడా ఆ ఎనిమిదో తేదీనే. నిఘంటువు మొదటి సంపుటం 1947లో వచ్చింది, ఆరో సంపుటం 1957లో. మధ్యలో కాగితానికి రాక్‌ఫెల్లర్ సంస్థ సాయం చేసింది. చరిత్ర మన సౌకర్యం కోసం తిన్నగా నడవదు.

‘ఆ కుర్రవాడు కాలేజీ అప్పు తీర్చుకోవడానికి వెళ్ళాడు, అతని మీద ఈ భారమంతా ఎందుకు?’ అని ఒకరు అడుగుతారు. అప్పు తీర్చుకోనివ్వండి. అప్పే అతన్ని ఆ విమానం ఎక్కించిందని రాయమంటున్నాను. ఆ ముక్క రాసిన మరుక్షణం అతనికి బ్యాటరీ ఫ్యాక్టరీ కూలీ బంధువవుతాడు. ‘ఇంగ్లీషు ప్రపంచానికి కిటికీ కాదా, కొరియా ఎదిగింది ఇంగ్లీషుతోనే కదా’ అని ఇంకొకరు అడుగుతారు. ఈ రెండో మాట మన దగ్గర సభల్లో తరచు వినబడుతుంది. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒకటి నుంచి ఆరో తరగతి దాకా ఇంగ్లీషు మాధ్యమమే అని జీవో ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ ఇలాంటి వాదాలే నడిచాయి. కానీ కొరియాలో ఉక్కు కర్మాగారాలూ ఓడల కర్మాగారాలూ లేచిన కాలంలో బడిలో లెక్కలు, సైన్సు, చరిత్ర అన్నీ కొరియా భాషలోనే చెప్పారు. ఇప్పటికీ అక్కడి బడుల్లో అంతే. ఇంగ్లీషు ఒక పాఠ్యాంశం. మూడో తరగతిలో దాన్ని పెట్టింది 1997లో, పరిశ్రమలన్నీ లేచిన తర్వాత. కనుక అప్పటి అనంతపురం జిల్లాలో కార్ల ఫ్యాక్టరీ పెట్టిన కొరియాను చూపించి తెలుగు మాధ్యమాన్ని మూసేయమనేవాళ్ళు, ముందు ఆ కొరియా ఇంజనీరు ఏ భాషలో చదువుకున్నాడో అడిగి తెలుసుకోవాలి. ఇంగ్లీషు నేర్చుకోవద్దని నేను అనడం లేదు. నాకూ నా విద్యార్థులకూ అది కావాలి. దాన్ని సాకుగా పెట్టి తల్లిదండ్రుల జేబులు కొట్టే వ్యాపారం కొరియాలో ఒకటైతే, విజయవాడలో, హైదరాబాదులో మనకు తెలియనిదా?

ఒక్క వేసవిని తీసుకుందాం. 2023 జూలై 18న సియోల్‌లోని సొచో ప్రాంతంలో ఒక ప్రాథమిక పాఠశాలలో 23 ఏళ్ళ ఉపాధ్యాయురాలు బడిలోనే ప్రాణం తీసుకుంది. ఆమెకు ఉద్యోగంలో అది రెండో ఏడు. తల్లిదండ్రుల ఫిర్యాదుల వేధింపే కారణమని తోటి ఉపాధ్యాయులు అన్నారు. పోలీసులు నేరమేదీ కనబడలేదని ముగించారు. ఆ వారం చివర శనివారం నుంచి నల్లబట్టలు కట్టుకుని ఉపాధ్యాయులు సియోల్ వీధుల్లో కూర్చోవడం మొదలుపెట్టారు. సెలవుల్లో, ఆ ఎండలో, వారం వారం వచ్చారు. 1989లో తమ యూనియను పెట్టుకున్నందుకు సుమారు పదిహేను వందలమంది ఉద్యోగాలు పోగొట్టుకున్న ఉపాధ్యాయ వర్గమది. సెప్టెంబరు 4న, ఆమె పోయిన 49వ రోజున, సామూహికంగా సెలవు పెడితే శిక్షిస్తామని విద్యాశాఖ బెదిరించింది. పెట్టారు. శాఖ వెనక్కి తగ్గింది. 2024 ఫిబ్రవరిలో ఆమెది విధి నిర్వహణలో జరిగిన మరణమని ప్రభుత్వం ఒప్పుకుంది.

ఆ శనివారాల్లో విదేశీ మేష్టరు కూడా అదే నగరంలో ఉన్నాడు. అవే రైళ్ళలో తిరిగాడు. నల్లబట్టలవాళ్ళు అతని పక్కనే నిలబడి ప్రయాణం చేసి ఉంటారు. వాళ్ళ చేతుల్లోని అట్టల మీద ఏం రాసి ఉందో చదవడానికి కావలసిన అక్షరాలు ఇరవై నాలుగు. ఒక్క వారాంతంలో వస్తాయి.