వజ్రమునకు సాక్షి యెవడు?

బంగారమును గీటురాతిపై గీచి చూడవచ్చును. పైగా 2021 జూన్ 16 నుండి హాల్‌మార్కు ముద్ర దేశమున ననేక జిల్లాలలో నిర్బంధమైనది. వజ్రమున కట్టి నిర్బంధముద్ర లేదు; అంగడివాడు చేతబెట్టు కాగితమే దానికి సాక్ష్యము. ప్రయోగశాలలో పెంచిన వజ్రమునకును, భూమిలో దొరకిన దానికిని గల భేదమును కంసాలి కన్ను గాని భూతద్దము గాని కనిపెట్టజాలదు. వెలలో మాత్రము ఎంతయో వ్యత్యాసము గలదు. కావున పత్రములేని వజ్రమును కొనరాదని చెప్పుట చాలదు. ఆ పత్రము నెవరిచ్చిరని యడుగవలయును.

అమెరికాలో 1931లో వెలసిన జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ (జి.ఐ.ఏ.) వారు 1950 దశకమున డి మొదలు జెడ్ వఱకు వర్ణశ్రేణి నేర్పఱచిరి. డి యనగా రంగు బొత్తిగా లేనిది. పోనుపోను పసుపుచాయ హెచ్చును. మన రత్నశాస్త్రములు బిందువు, రేఖ, కాకపదము అని యెన్నిన దోషములకును వారు మెట్లు కట్టిరి. నేడు పరీక్షాశాల లనేకము ఆ యక్షరములనే వాడుచున్నవి. అక్షరము లొక్కటే గాని కొలత యొక్కటి కాదు. ఇ.జి.ఎల్. పేరిట వెలువడు పత్రములలో శ్రేణి యుదారముగా నుండుటచే వర్తకులు తమలోతాము కొన్ని మెట్లు తగ్గించియే బేరమాడుకొనెడివారు. తుదకు 2014 అక్టోబరు 1 నుండి రాప్‌నెట్ అను వర్తకుల విపణి ఆ పత్రములుగల రాళ్లను తన జాబితాలో చేర్చుట మానెను. ఈ రహస్య మెఱుగని గృహస్థు మాత్రము అంతవఱకు కాగితముపై నున్న యక్షరమునకే వెల చెల్లించుచు వచ్చెను!

ఏల యిట్లు జరుగును? పరీక్షకు రుసుము చెల్లించువాడు అమ్మువాడు. శాల నెంచుకొనువాడును అతడే. ఉదారముగా వ్రాయు శాలకు పని హెచ్చును. కౌటిల్యుని అర్థశాస్త్రమున కోశమునకు జేర్చవలసిన రత్నముల పరీక్షకు ప్రత్యేక ప్రకరణము గలదు. అచట పరీక్షకుడు రత్నమును గైకొను రాజు పక్షమువాడే గాని తెచ్చినవాని పక్షమువాడు కాడు. నేడా యేర్పాటు తలక్రిందులైనది. కట్టుదిట్టమునకు పేరొందిన జి.ఐ.ఏ. వారే 2005లో వర్తకులతో ఉద్యోగుల సంబంధములపై వివాదము చెలరేగగా న్యూయార్కు శాలలో నలుగురిని తొలగింపవలసివచ్చెను.

అయినను శ్రేణినిర్ణయమున వర్తకలోకము నేటికిని ఆ సంస్థకే అగ్రస్థాన మిచ్చుచున్నది. అది లాభాపేక్ష లేనిది. ముంబయిలోనే దానికి శాల గలదు. పెద్దరాయి కొనువారు దాని పత్రమునే కోరుట మేలని మా యభిప్రాయము. చిన్నరాళ్లకును, ప్రయోగశాల వజ్రములకును మన యంగళ్లలో తఱచు కనబడునది ఐ.జి.ఐ. పత్రము. 1975లో ఆంట్‌వెర్ప్‌లో పుట్టిన యా సంస్థయొక్క భారత కంపెనీ వాటాలు 2024 డిసెంబరులో మన స్టాకు మార్కెట్టున కెక్కినవి. దాని పత్రము నిరర్థకమని మేమనము. అయితే ఒక శాల వ్రాసిన "జి"ని మఱొక శాల వ్రాసిన "జి"తో పోల్చి, చవుకగా దొరకినదని మురియరాదు. రాతి నడుముపై లేజరుతో చెక్కిన సంఖ్య పత్రములోని సంఖ్యతో సరిపోయినను నిశ్చింత పనికిరాదు. ఆ సంఖ్యలను సైతము దొంగచెక్కుట బయటపడియున్నది. లక్షలు వెచ్చించువారు బేరము ముగియకమున్నే తామెన్నుకొన్న శాలలో పునఃపరీక్ష చేయింపవలయును. అభ్యంతరము చెప్పు వర్తకునికి నమస్కరించి వెలుపలికి వచ్చుటయే మంచిది.

లోకమున వజ్రములలో అధికభాగము సూరతులో సానదేరుచున్నవి. ముంబయిలో జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా 1971 నుండి యున్నది. అయినను మనవారు సానబట్టిన రాతికి పరదేశి సంతకముతో గాని మన్నన కలుగకుండుట విచారకరము. స్వదేశాభిమానము పేరిట మెత్తని కొలతను మేము కోరము. శాలలన్నియు ఒకే ప్రమాణపు రాళ్లకు కట్టుబడునట్లును, శ్రేణి పెంచి వ్రాసిన శాల కొన్నవానికి నష్టపరిహార మిచ్చునట్లును శాసనము కావలయునని కోరుచున్నాము.

మఱియొక మాట. కొనువానికి నేడు ఏదో యొక కాగితమైనను గలదు. తొలకరి జల్లులకు కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి చేలలో రాళ్లు వెదకు బీదలకు అదియు లేదు. దొరకిన రాతిని పరీక్షించువాడును, వెలకట్టువాడును, కొనువాడును ఒక్కడే. ఆ వానకాలపు నెలలయందైనను ప్రభుత్వమువారు తుగ్గలిలో ఒక పరీక్షకుని, ఒక త్రాసును నిలుపవలయును.