బరోగు స్టేషను

ప్రాచీన కట్టడములను కాపాడవలెనను మాట నేడు దేశమంతట వినవచ్చుచున్నది. హర్షింపదగిన మాటయే. కాని కట్టడమును కాపాడుట యననేమి? గోడకు సున్నము వేసి, తలుపులకు రంగు పూసి, ఎదుట నొక ఫలకమును నాటినంతనే ఆ పని ముగియునా? హిమాచల ప్రదేశమున కాల్కా-సిమ్లా రైలుమార్గముపై నున్న బరోగు స్టేషను ఈ ప్రశ్నను మన ముందుంచుచున్నది.

1864లో ఆంగ్ల ప్రభుత్వము సిమ్లాను తన వేసవి రాజధానిగ చేసికొనెను. మైదానముల యెండకు తాళలేని దొరలు ఏటేట కచేరీలతో, కాగితముల కట్టలతో కొండ యెక్కుచుండిరి. ఆ ప్రయాణమును సుఖతరము చేయుటకై పుట్టినదే ఈ చిన్న రైలు. రెండడుగుల ఆరంగుళముల వెడల్పుగల పట్టాలపై, సుమారు 60 మైళ్ల దూరము, 1903 నవంబరు 9వ తేదీన రాకపోకలు ప్రారంభమయ్యెను.

ఆ దారిలో 5,000 అడుగులకు మించిన యెత్తున బరోగు కలదు. కాల్కానుండి వచ్చు బండి 3,752 అడుగుల సొరంగపు చీకటిని దాటి, తటాలున ఈ స్టేషను ముంగిట వెలుగులోనికి వచ్చును. వాన నిలువనీయని యేటవాలు కప్పులు, చుట్టును చెట్లు, బండి దిగి ఫలహారము చేయువారికి చల్లని నీడ. మహానగరముల స్టేషనులు గోపురములతో పాలకుల ప్రతాపమును చాటుచుండ, ఇది కొండ యొడిలో ఒదిగి కూర్చున్నది. ఈ మార్గమున వంతెనలలో పెక్కింటిని ఇనుపదూలములతోగాక రాతి కమానులతో కట్టిరి. కనోహ్ వద్ద నాలుగంతస్తుల కమానులు ఒకదానిపై నొకటి నిలిచియున్నవి.

స్టేషనునకు పేరిచ్చిన బరోగు ఒక ఆంగ్ల ఇంజనీరు. ఇరువైపులనుండి త్రవ్వించిన సొరంగము నడుమ కలియకపోగా, ప్రభుత్వ మతనికి ఒక రూపాయి జరిమానా విధించెననియు, ఆ యవమానమును భరింపలేక అతడు ప్రాణము తీసికొనెననియు అచ్చటివారు చెప్పుదురు. తరువాత హారింగ్టను అను ఇంజనీరు ఆధ్వర్యమున వేరొకచోట త్రవ్వకము 1900లో మొదలై 1903లో ముగిసెను. దానికి దారి చూపినవాడు ఝాఝా గ్రామమునకు చెందిన భల్కు అను సామాన్యుడు. చదువెరుగని యాతడు చేతికఱ్ఱతో రాతిని తట్టి, ధ్వని విని, ఎచ్చట త్రవ్వవలయునో చెప్పెనని ప్రతీతి. ఇందు చరిత్ర మెంత, జనశ్రుతి యెంత యని తేల్చుట పండితుల పని. విడిచిపెట్టిన పాత సొరంగము మాత్రము నేటికిని ఆ కొండలో కలదు.

దారి తప్పినవాని పేరు స్టేషనునకు దక్కెను. దారి చూపినవాని పేరు సిమ్లాలోని రైలు ప్రదర్శనశాలకు పెట్టుటకు 2011వ సంవత్సరము రావలసివచ్చెను. ఇక రాళ్లు చెక్కినవారి, మట్టి మోసినవారి పేర్లు ఏ ఫలకముపైన నున్నవి? బరోగు పేరును తుడిచివేయుడని మేము కోరము. పరాజయమును చరిత్రమే, చనిపోయినవానితో వైరము మనకు తగదు. కాని దొర పేరు ప్రక్కన భల్కు పేరును, కూలివారి శ్రమయు నిలుచుట న్యాయము.

ఇది గౌరవమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. 2008లో యునెస్కో సంస్థ ఈ మార్గమును ప్రపంచ వారసత్వపు పట్టికలో చేర్చెను. 2023 ఆగస్టులో కురిసిన కుంభవృష్టికి సమ్మర్ హిల్ దాపున కొండ విరిగి, మార్గపు కట్ట కొట్టుకొనిపోయి, పట్టాలు గాలిలో వ్రేలాడెను. పట్టికలో నున్న పేరు వాననాపలేదు. పిదప మార్గము బాగుపడి బండ్లు మరల నడచినవి. కాని ఆ హెచ్చరిక మరువరానిది. కొండను ఎట్లు కోయవలయునో, నీటిని ఎటు పోనీయవలయునో ఎరుగనివాడు ఎంతటి విద్యావంతుడైనను కొండయెదుట ఓడవలసినవాడే.

భల్కు కథలో సారమిదియే. ఆతడు త్రవ్వకముందు రాతి మాట వినెను. నేడు కొండలపై దారులు వెడల్పు చేయువారు, మేడలు లేపువారు, యంత్రములు తెచ్చువారు ఆ వినయమును ఎంతవరకు నేర్చిరి? స్టేషను గోడలను కాపాడుడు. అంతకుముందు అది నిలిచిన కొండను కాపాడుడు. ఆ కొండను పుట్టుకనుండి ఎరిగిన గ్రామవాసుల మాటకు ఇంజనీరుల సభలో చోటిండు. అప్పుడుగాని బరోగు మన వారసత్వమని చెప్పుకొను అర్హత మనకు కలుగదు.